నవంబర్ 8న పదకొండు గంటలకు: మన తెలుగు సంఘం కమిటీకి ఒక బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకు, గ్రూపులోని అన్నలకు, అక్కలకు, వదినలకు నమస్కారం.

దీపావళి పోస్టర్ చూశాను. రంగులు బాగున్నాయి, మెనూ ఇంకా బాగుంది. పులిహోర ఈసారీ నా నెత్తినే పెట్టారు, సంతోషం. ఈ లేఖ దాని గురించి కాదు. పోస్టర్లో రెండో వరుస గురించి: "ఉదయం 10.30 నుంచి పిల్లల ఆటలు, డీజే, టపాసులు. హాలు గాలాషీల్స్ వార్ మెమోరియల్‌కి రెండు నిమిషాల నడక."

ఈ ఏడాది, అంటే 2026లో, దీపావళి నవంబర్ 8, ఆదివారం వచ్చింది. అది నవంబర్‌లో రెండో ఆదివారం కూడా. యుద్ధాల్లో పోయినవాళ్లను బ్రిటన్ అంతా తలుచుకునే రోజు అది. రిమెంబరెన్స్ సండే అంటారు. సరిగ్గా పదకొండు గంటలకు రెండు నిమిషాల పాటు స్కాట్లండ్‌లోని మన గాలాషీల్స్ ఊరు ఊరంతా మాట్లాడకుండా నిలబడిపోతుంది. నిలబడేది ఎక్కడో కాదు, మీరు దారి గుర్తుగా రాసిన ఆ వార్ మెమోరియల్, అంటే యుద్ధ స్మారకం, ముందే. వాళ్ల మౌనం, మన డీజే సౌండ్ చెక్ ఒకే సమయానికి పడ్డాయన్నమాట.

ఎవరూ కావాలని పెట్టలేదని నాకు తెలుసు. హాలు ఖాళీగా దొరికిన టైం అది, బుక్ చేసేశారు. ఆదివారం పొద్దున ఊరి మధ్యలో హాలు ఎందుకు ఖాళీగా దొరికిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నేను అడిగేది ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఒకటి, కార్యక్రమాన్ని సాయంత్రం నాలుగు గంటలకు మార్చండి. రెండు, ఆ రోజు పదిన్నర కల్లా వీలైనవాళ్లం పిల్లల్ని తీసుకుని మెమోరియల్ దగ్గరికి వెళ్దాం, ఆ రెండు నిమిషాలు ఊరితో పాటు నిలబడదాం.

ఇది చెప్పే అర్హత నాకు మొదట్నుంచీ ఏమీ లేదు. టెక్స్‌టైల్ కోర్సు చదవడానికి ఈ ఊరొచ్చిన మొదటి నవంబర్ సంగతి చెబుతాను. ఆదివారం, సన్నగా వాన. రెండు చేతుల్లో సరుకుల సంచులు, చెవిలో ఇయర్‌ఫోన్లు, అమ్మతో వీడియో కాల్. చింతపండు ఎక్కడా దొరకలేదని గట్టిగట్టిగా చెప్పుకుంటూ వస్తున్నాను. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా జనం. ఒక్కరూ కదలడం లేదు. ముసలివాళ్లు కోట్లకు మెడల్స్ పెట్టుకుని ఉన్నారు. స్కౌట్ డ్రెస్సుల్లో పిల్లలు, వాళ్ల చేతుల్లో జెండాలు వంగి ఉన్నాయి. నా గొంతొక్కటే వినిపిస్తోంది. చింతపండు, చింతపండు అని. అమ్మ అటు నుంచి "ఏంటే, ఏమైంది, మాట్లాడవేం" అంటోంది. ఫోన్ ఆపుదామంటే చేతుల్లో సంచులు. అవి కింద పెట్టాను, అందులో సీసాలు ఖణేల్‌మన్నాయి.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న పెద్దావిడ ఒకావిడ మాత్రం కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. బ్యూగిల్ మోగాక, జనం కదిలాక, ఆవిడ చేతిలో ఉన్న చిన్న చెక్క శిలువను తీసుకెళ్లి మెట్టు దగ్గర పెట్టింది. దాని మధ్యలో ఎర్ర గసగసాల పువ్వు బొమ్మ అంటించి ఉంది. యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా ఇక్కడివాళ్లు పెట్టుకునే పువ్వు అది. వెనక్కి వచ్చి "మా అమ్మమ్మ తమ్ముడు" అంది. అంతే చెప్పింది. వందేళ్ల కింద పోయిన మనిషి. ఆవిడ పుట్టకముందే పోయాడు. అయినా మొన్ననే ఊరెళ్లినవాడి గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ సాయంత్రం మళ్లీ వెళ్లి ఆ కట్టడాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను.

మనలో చాలామంది ఫోన్లలో ఆ బొమ్మ ఉంటుంది. చుట్టాలొస్తే అక్కడే ఫోటో దిగుతాం. ఎత్తైన రాతి గడియారం గోపురం, దాని ముందు గుర్రం మీద ఇనుప టోపీ పెట్టుకున్న కంచు మనిషి. వాడెవడో రాజో సేనాపతో అనుకుంటాం. కాదు, దొంగ. నిజంగానే. ఆ బొమ్మని బోర్డర్ రీవర్ అంటారు, రీవర్ అంటే అదే. స్కాట్లండ్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య ఉన్న ఈ సరిహద్దు సీమలో దాదాపు మూడొందల ఏళ్ల పాటు అవతలివాళ్ల ఆవుల మందల్ని రాత్రిళ్లు తోలుకొచ్చిన గుర్రపు మనుషులు వీళ్లు. 1603లో రెండు దేశాలకూ ఒకే రాజు వచ్చాక గానీ ఆ గొడవలు సద్దుమణగలేదు. ఆఫీసులో ఎవరైనా పోతే బిరీవ్‌మెంట్ లీవ్ అంటాం కదా, ఆ మాటకీ రీవర్ అన్న మాటకీ వేరు ఒకటే. ఒకడు దోచుకునేవాడు, ఇంకొకరు దోపిడీలో పోగొట్టుకున్నవాళ్లు. ఆ గోపురం కింద నిలబడితే రెండూ ఒకే చోట ఉంటాయి. పైన రీవర్, కింద పోగొట్టుకున్నవాళ్లు.

ఆ కంచు బొమ్మ చేసింది థామస్ క్లాపర్టన్. 1879లో ఈ గాలాషీల్స్‌లోనే పుట్టినవాడు. మనం ఎడిన్‌బరో కోటకి చుట్టాలని తీసుకెళ్తాం కదా, ఆ వాకిట్లో నిలబడి ఉండే రాబర్ట్ బ్రూస్ విగ్రహం కూడా ఇతనిదే. పక్కూరు సెల్‌కిర్క్‌లో జెండా పట్టుకున్న ఫ్లెచర్ అనే వాడి విగ్రహం ఉంటుంది, అదీ ఇతనిదే, 1913 నాటిది. 1513లో ఇంగ్లండ్ చేతిలో స్కాట్లండ్ ఓడిన ఫ్లాడెన్ యుద్ధానికి ఆ ఊరి నుంచి వెళ్లినవాళ్లలో ఒక్కడే తిరిగొచ్చాడని, అతనే ఫ్లెచర్ అని చెప్పుకుంటారు. ఒక పాత ఓటమికి నాలుగొందల ఏళ్లు నిండాయని ఆ బొమ్మ పెట్టుకున్న మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

గోపురం గీసింది సర్ రాబర్ట్ లోరిమర్. ఎడిన్‌బరో కోట పైన ఉన్న స్కాట్లండ్ జాతీయ యుద్ధ స్మారకం కట్టింది కూడా ఆయనే, అది 1927లో తెరిచారు. దేశం మొత్తానికి స్మారకం గీసిన చెయ్యే ఈ ఉన్ని మిల్లుల చిన్న ఊరికీ గీసిందన్నమాట.

ఉన్ని మిల్లులన్నాను కదా. ఇప్పుడు మనం బస్సు ఎక్కే చోట, సూపర్‌మార్కెట్ పార్కింగ్ ఉన్న చోట అప్పట్లో మగ్గాలు ఆడేవి. గాలా వాగు నీళ్లతో మొదలై తర్వాత ఆవిరితో నడిచిన మిల్లులు. యుద్ధం వచ్చాక అవి పట్టుబట్టి సైన్యానికి ఖాకీ నేశాయి. నేను బట్టల చదువు చదివిన మనిషిని గనక నా బుర్ర అటే పోతుంది: ఉదయం మగ్గం మీద ఖాకీ నేసిన కుర్రాడు, ఆర్నెల్ల తర్వాత అలాంటి ఖాకీనే తొడుక్కుని ఓడెక్కి ఉంటాడు.

ఆ ఓడ ఎక్కడికి వెళ్లిందో చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది.

కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ అని ఈ సీమ రెజిమెంట్ ఒకటుంది. దాని నాలుగో బెటాలియన్‌కి కేంద్రం ఈ గాలాషీల్సే. జీతం మీద బతికే సైనికులు కారు వీళ్లు. టెరిటోరియల్స్ అంటారు, వారాంతాల్లో డ్రిల్ చేసి, వేసవిలో క్యాంపుకెళ్లే మిల్లు కూలీలు, గుమాస్తాలు, పాలేర్లు. గాలా, హాయిక్, సెల్‌కిర్క్, జెడ్‌బరో, కెల్సో... ఒక్కో ఊరి కుర్రాళ్లు ఒక్కో కంపెనీలో, అంటే బెటాలియన్లో ఒక్కో దళంలో. అన్నదమ్ములు, బావమరదులు పక్కపక్కనే. చేర్చుకోవడానికి సులువు, ధైర్యంగానూ ఉంటుంది. కానీ ఒక్కరోజు పొద్దున ఆ బెటాలియన్‌కి చెడ్డరోజు వస్తే ఆ దెబ్బ మొత్తం ఈ నాలుగైదు ఊళ్ల మీదే పడుతుంది.

ఆ పొద్దు 1915 జులై 12. చోటు టర్కీలోని గాలిపోలి. జూన్‌లో ఓడ దిగారు. ఎండ, ఈగలు, నీళ్ల కరువు. ఆ ఉదయం ఏడున్నర దాటాక దాడికి లేచారు. పై అధికారుల చేతిలో ఉన్న మ్యాపులో శత్రువుల కందకాలు మూడు వరుసలు గీసి ఉన్నాయి. మూడు వరుసలూ పట్టుకుని మూడో దాంట్లో నిలబడాలని ఆర్డర్. మొదటిది దాటారు. రెండోది దాటారు. మూడో కందకం కోసం పరుగెత్తారు. అక్కడ కందకం లేదు. దాక్కోవడానికి పనికిరాని లోతులేని గీత మాత్రమే ఉంది. లేని కందకం కోసం వెతుక్కుంటూ ఆరుబయట తూటాలకు ఎదురు నిలబడ్డారు. వాళ్లు అంత ముందుకు వెళ్లారని వెనకనున్న సొంత ఫిరంగులవాళ్లకూ తెలియలేదు. బెటాలియన్లో సగానికి పైగా ఆ ఒక్క దాడిలో చచ్చిపోయారో, గాయపడ్డారో, ఆచూకీ లేకుండా పోయారో.

మ్యాపు గీసినవాడు తప్పు గీశాడు. ఏ కుర్రాడి పేరు కింద చూసినా ఆ మాట ఉండదు.

కబురు ఎలా వచ్చేదో కూడా చెప్పాలి. ఆఫీసరు చచ్చిపోతే ఇంటికి టెలిగ్రాం. మామూలు సిపాయి పోతే పోస్టులో ఒక ఫారం. బి 104-82 అని దాని నంబరు. అచ్చేసిన వాక్యాల మధ్య ఖాళీల్లో పేరు, తేదీ, చోటు చేత్తో నింపి పంపేవారు. కాబట్టి ఆ నెలలో ఈ వీధుల్లో పోస్టుమాన్ ఏ గుమ్మం ముందు ఆగుతాడా అని టెన్షన్. ఆ ఫారం వచ్చినవాళ్లకు శవం రాదు. ఎవరి శవాన్నీ స్వదేశానికి తేకూడదని బ్రిటిష్ ప్రభుత్వం 1915లోనే నిషేధించింది, యుద్ధం అయ్యాక దాన్నే ఖాయం చేసింది. డబ్బున్న ఇల్లు తెచ్చుకుని, లేని ఇల్లు ఏడుస్తూ కూర్చోవడం ఉండకూడదన్నది వాళ్లు చెప్పిన కారణం. న్యాయమే అనిపిస్తుంది. కానీ గాలిపోలిలో చనిపోయిన ఎందరికో అసలు సమాధే తెలియదు. అక్కడి హెలెస్ స్మారకం మీద ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి, సమాధి లేనివాళ్ల పేర్లు. వాటిలో ఈ సీమ కుర్రాళ్ల పేర్లు, అదే రేవులో దిగిన భారతీయ సైనికుల పేర్లు ఒకే స్మారకం మీద ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. కొడుకు చచ్చాడు. శవం లేదు, బూడిద లేదు, సమాధి లేదు, ఉన్నా రెండు వేల మైళ్ల దూరం. పెద్దకర్మ చెయ్యడానికి ఏమీ లేదు. ఆ తల్లి పువ్వు ఎక్కడ పెట్టాలి? బ్రిటన్‌లో దాదాపు ప్రతి చిన్న ఊళ్లో, ఆఖరికి నలభై ఇళ్ల పల్లెలో కూడా, ఒక మెమోరియల్ ఎందుకుంటుందని మన పిల్లలు అడుగుతుంటారు. ఇదే జవాబు. అది గెలుపు స్తంభం కాదు, ఊరి ఉమ్మడి సమాధి. కాకపోతే కింద ఎవరూ లేరు.

గాలాషీల్స్ జనాభా ఆ రోజుల్లో సుమారు 14 వేలు. ఆ స్మారకం మీద మొదటి యుద్ధం పేర్లే ఆరొందలకు పైన. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను తీసేసి లెక్క వేసుకోండి, ఎన్ని ఇళ్లు తప్పించుకుని ఉంటాయో. రెండో యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు తర్వాత చేరాయి. ఇంటిపేర్లు చదువుతూ పోతే అవే మళ్లీ మళ్లీ వస్తాయి. అవి ఇప్పటికీ ఈ ఊరి దుకాణాల బోర్డుల మీద, మన పిల్లల క్లాసు రిజిస్టర్లలో ఉన్న ఇంటిపేర్లే.

ఇంత బాధకు గుర్తుగా పశువుల దొంగని ఎందుకు పెట్టారనేది నన్ను చాలా కాలం తొలిచింది. బ్రిటన్‌లో చాలా ఊళ్లలో తుపాకీ పట్టుకున్న సిపాయి బొమ్మ ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, కానీ అనిపించింది చెబుతాను. సిపాయి బొమ్మకు ఒక మొహం ఉంటుంది. ఆ మొహం ఆరొందల మంది తల్లుల్లో ఎవరి కొడుకుది? మూడొందల ఏళ్ల నాటి రీవర్‌ది అయితే ఎవరి కొడుకుదీ కాదు, అందుకే అందరిదీ. పైగా గుర్రం పరుగు తీయడం లేదు, నిలబడి ఉంది. దాడికి వెళ్తున్నవాడిలా లేడు, పొలిమేరలో కాపలా ఉన్నవాడిలా ఉన్నాడు. మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు చూశారు కదా, ఆవుల మందను కాపాడుతూ పోయినవాడికి నిలబెట్టిన రాయి. ఇక్కడ మందను తోలుకుపోయినవాడికి పెట్టారు. ఎదురెదురు పార్టీలు, అదే పొలిమేర.

దీన్ని 1925 అక్టోబర్‌లో ఆవిష్కరించారు. యుద్ధం ఆగిన ఏడేళ్లకి. తెర తీసింది ఫీల్డ్ మార్షల్ ఎర్ల్ హేగ్.

ఈ పేరు దగ్గరే గ్రూపులో గొడవ మొదలవుతుందని నాకు తెలుసు. హేగ్ ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనలకు అధిపతి. 1916 జులై 1న సోమ్ దగ్గర ఒక్క రోజులో 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయింది ఆయన నడిపిన దాడిలోనే. గాలిపోలి ఆయన ఖాతాలోది కాదు, కానీ ఈ స్మారకం మీద ఫ్రాన్స్‌లో పోయినవాళ్లూ ఉన్నారు. అలాంటాయన చేతులతో తెర తీయించారు. ఆయనకు 1921లో చందాలేసి కొనిచ్చిన బెమర్‌సైడ్ ఇల్లు ఇక్కడికి దగ్గర్లోనే. 1928లో పోయాక డ్రైబరో మఠంలో పూడ్చారు, మామూలు సిపాయికి పెట్టే లాంటి రాయే పెట్టారు. మనం వనభోజనాలకు వెళ్లిన ఆ శిథిలాల దగ్గరే. ఎవరూ గమనించలేదు, ఫుట్‌బాల్ ఆడుకున్నాం. ఆ రోజు తెర లేస్తున్నప్పుడు జనంలో నిలబడ్డ తల్లులు ఆయన్ని ఏ కళ్లతో చూసి ఉంటారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. దండం పెట్టుకున్నవాళ్లూ ఉండి ఉంటారు, పళ్లు కొరుక్కున్నవాళ్లూ ఉండి ఉంటారు.

పోస్టర్ వచ్చిన రోజే నేను ఈ విషయం ఎత్తితే ఒక అన్న అన్నమాట ఇది: "మనల్ని రెండొందల ఏళ్లు తొక్కినవాళ్ల సిపాయిలకు మనం దండం పెట్టాలా?" అన్నగారి మాట తీసిపారెయ్యను. ఆ యుద్ధానికి భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా వెళ్లారు. యుద్ధం ముగిశాక మనకు దక్కింది రౌలట్ చట్టం, 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. అది మర్చిపోయి నిలబడదామని నేను అనడం లేదు. గసగసాల పువ్వు పెట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు పెట్టుకోవద్దు, ఇక్కడివాళ్లలోనే పెట్టుకోనివాళ్లు ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఆ స్మారకం మీద ఉన్నది వైస్రాయిల పేర్లు కావు. మగ్గం మీద పని చేసి, వారానికి ఇంత అని కూలి తెచ్చుకుని, ఎవరో తప్పు గీసిన మ్యాపు చూపిస్తే పరుగెత్తినవాళ్ల పేర్లు. హేగ్‌కి నమస్కారం పెట్టమని అడగను. ఆ పెద్దావిడ పక్కన నిలబడమంటున్నాను.

ఇంకొకరు "మనవాళ్లూ చచ్చారు కదా, అయితే మనం బ్యానర్ పట్టుకుని వెళ్దాం, మైకులో మాట్లాడదాం" అన్నారు. దయచేసి వద్దు. గాలిపోలిలో మన దేశపు సిక్కులు, గూర్ఖాలు, కంచర గాడిదల దళాలవాళ్లు పోయిన మాట నిజం. వాళ్ల గురించి మన పిల్లలకు మనం వేరే రోజు తీరిగ్గా చెప్పుకోవాలి, నేనే చెబుతాను. ఆ పదకొండు గంటలకు మాత్రం బ్యానర్లు, సెల్ఫీలు, శాలువాలు ఏవీ వద్దు. ఊరికే నిలబడటం మనకు అంత తేలిక కాదని తెలుసు. రెండు నిమిషాలే.

నాకు ఈ సంగతి ఇంతగా పట్టడానికి ఇంకో కారణం ఉంది. మాది పల్నాడు. అమ్మమ్మది కారెంపూడి. అక్కడ ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఆరాధన మొదలవుతుంది, దీపావళికి సరిగ్గా నెల తర్వాత. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పోయినవాళ్ల పేరు మీద ఐదు రోజులు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వాళ్ల వాళ్ల వీరుల ఆయుధాలు పట్టుకుని వస్తారు, నాగులేటి నీళ్లతో కడుగుతారు. మందపోరు రోజున చాపకూడు, కులం అడక్కుండా ఒకే చాప మీద అందరూ తింటారు. చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఆయుధాల వెనక నడిచాను. వాళ్లు ఎవరో తెలియదు, ఎందుకు కొట్టుకున్నారో సరిగ్గా తెలియదు. అన్నదమ్ముల ఆస్తి గొడవ, కోడిపందెం, అందరూ పోవడం. "ఎవరు మంచోళ్లు అమ్మమ్మా" అని అడిగితే "చచ్చిపోయినోళ్లని అలా అడక్కూడదే" అంది. ఇక్కడ వానలో సంచులు పట్టుకుని నిలబడ్డ రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే.

మరో సంగతి, పెద్దవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. మన దీపావళి కూడా పైకి కనిపించినంత సంబరం కాదు. అమావాస్య రాత్రి గోగు కట్టెలకు నూనె గుడ్డలు చుట్టి, వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ పిల్లల చేత నేలకు కొట్టించేది ఎందుకు? పితృదేవతలకు చీకట్లో దారి చూపించడానికి. టపాసులు తర్వాత వచ్చాయి, ముందున్నవి ఈ దివిటీలే. పోయినవాళ్ల రోజు, పోయినవాళ్ల పండగ ఈసారి ఒకే తేదీన వచ్చాయి. పొద్దున వాళ్లది, రాత్రి మనది. టైం ఇంత చక్కగా విడిపోయి ఉంటే మనమే తీసుకెళ్లి కలిపేశాం.

టైం గురించి కమిటీకి ఇంకో మాట. నవంబర్ 8న ఇక్కడ నాలుగుంబావుకే పొద్దు కుంకుతుంది. లక్ష్మీపూజ చేసేది పొద్దుగూకాకే. పొద్దున పదిన్నరకి దీపావళి ఏ పంచాంగంలో ఉందో నాకైతే కనిపించలేదు. టపాసుల సంగతికొస్తే, స్కాట్లండ్‌లో మనలాంటివాళ్లం సాయంత్రం ఆరు దాటాకే కాల్చాలి, అది చట్టం. దీపావళి రాత్రికి మాత్రం ఒంటిగంట దాకా అనుమతి ఉంది. కాబట్టి పోస్టర్ ప్రకారం చేస్తే మర్యాద సంగతి పక్కన పెట్టినా, పోలీసులొస్తారు.

హాలు వాళ్లతో నేను మాట్లాడాను. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా ఇస్తామన్నారు, అద్దె తేడా లేదు. క్యాటరింగ్ అన్న కూడా సరేనన్నారు, ఉప్మా బదులు బజ్జీలు వేస్తారట. పోస్టర్ మార్చడం ఒక్కటే మిగిలింది. దారి గుర్తుగా వార్ మెమోరియల్ అన్నమాట ఉంచండి, తీసెయ్యొద్దు.

పొద్దున వచ్చేవాళ్లకి నాలుగు మాటలు. ఆ టైంకి మెమోరియల్ చుట్టూ రోడ్లు మూసేస్తారు, కార్లు దూరంగా పెట్టి నడవండి. ఫోన్లు సైలెంట్‌లో కాదు, ఆఫ్ చెయ్యండి. పిల్లలకు గొడుగు కంటే టోపీ ఉన్న జాకెట్ నయం, గొడుగులు తెరిస్తే వెనకవాళ్లకి కనపడదు. బ్యాగ్‌పైప్ మీద ఒక పాట వాయిస్తారు, ఫ్లాడెన్‌లో పోయినవాళ్ల కోసం పుట్టిన ఏడుపు పాట. అది మొదలవగానే చిన్నపిల్లలు ఏడిస్తే కంగారు పడకండి, పెద్దవాళ్లూ ఏడుస్తారు. గసగసాల పువ్వు పెట్టుకోవాలనుకుంటే స్కాట్లండ్ పువ్వుకి నాలుగు రేకులుంటాయి, ఆకు ఉండదు. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నది పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు, కానీ గమనిస్తారు.

సాయంత్రం దివిటీలు నేను కట్టిస్తాను. గోగు కట్టెలు ఇక్కడ దొరకవు, సన్నటి వెదురు బద్దలు చూశాను, పనికొస్తాయి. గుడ్డ మాత్రం నూలుదే కావాలి, పాలిస్టర్ కరిగి చేతుల మీద పడుతుంది. పాత నూలు చీరలు, పంచెలు ఎవరింట్లో ఉన్నా శుక్రవారం లోపు మా ఇంటి దగ్గర ఇచ్చి వెళ్లండి. చిరిగినవైనా పర్వాలేదు.

మీ,
పులిహోర బాధ్యురాలు